పాత కారు విడిభాగాలు ఏ దేశానివో, ఏ బండివో తేల్చుకోవడం ఎలా?

పొదలకూరు నుంచి ఒక సభ్యుడి ప్రశ్న

అందరికీ నమస్కారం. మా తాతగారు సైదాపురం వైపు ఒక అభ్రకం గని యజమాని దగ్గర చాలా ఏళ్లు కారు నడిపారు. ఈ మధ్య కొట్టం సర్దుతుంటే ఆయన దాచుకున్న టేకు పెట్టె ఒకటి దొరికింది. అందులో లూకాస్ పేరున్న డైనమో, మైళ్లలో అంకెలున్న స్మిత్స్ స్పీడోమీటరు, ఏ పేరూ లేని ఇత్తడి హారన్, గుడ్డలో మూటగట్టిన బోల్టులు ఉన్నాయి. చెన్నై నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఇవన్నీ 1930ల నాటి ఒకే ఇంగ్లండు కారువని చెప్పి, పెట్టె మొత్తానికి ఒక ధర కట్టారు. తాతగారు నడిపింది మోరిస్ బండి అని మా నాయనమ్మ అంటారు. నాకు అమ్మే ఉద్దేశం లేదు. ఏ వస్తువు ఏ బండిదో సరిగ్గా రాసిపెట్టి, పిల్లలకు అప్పగించాలని ఉంది. డైనమో ఒంటి మీద 9, 49 అనే అంకెలు పక్కపక్కనే గుద్ది ఉన్నాయి. ఇంతకు మించి నాకు అర్థం కాలేదు. దయచేసి దారి చూపండి.

ఒంగోలు నుంచి, పాత కార్లు బాగుచేసే ఒక సభ్యుడి జవాబు

నమస్కారమండీ. ముందుగా ఒక మనవి. తుప్పు వదిలించాలని ఇనుప బ్రష్షు, ఉప్పుకాగితం దగ్గరికి రానివ్వకండి, ఎందుకంటే మనకు సాక్ష్యం చెప్పవలసిన గుర్తులు వెంట్రుకవాసి లోతులోనే ఉంటాయి. కిరసనాయిలులో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్క అడ్డంగా రుద్దితే గుంటల్లో తెల్లపొడి నిలిచి అక్షరాలు తేలుతాయి.

మీ డైనమో సంగతికొస్తే, లూకాస్ వారు తమ విద్యుత్ సామాను మీద తయారైన నెల, సంవత్సరం అంకెల్లో గుద్దేవారు. కాబట్టి అది 1949 సెప్టెంబరులో తయారైనది, 1930ల మాట అక్కడితో వీగిపోయింది. అయితే అది బర్మింగ్‌హామ్ సంస్థ సరుకు అని తెలిసినంత మాత్రాన మోరిస్‌దే అనుకోకూడదు. ఆ రోజుల్లో ఆస్టిన్, స్టాండర్డ్, హిల్‌మన్ వంటి చాలా బండ్లకు లూకాస్ సామానే వచ్చేది. విడిభాగం పుట్టిన ఊరు వేరు, అది బిగించిన బండి పుట్టిన ఊరు వేరు. ఇక్కడ బేరసారాల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

పేటెంటు నంబర్లు ఏమైనా కనిపిస్తే వాటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. బ్రిటిష్ పేటెంట్లకు 1916లో 1,00,001 నుంచి కొత్త వరుస మొదలైంది. అమెరికా పేటెంట్లు 1935లో 20 లక్షలు దాటాయి. వీటిని బట్టి ఆ వస్తువు ఫలానా ఏడాదికి ముందుది కాదని మాత్రమే చెప్పగలం, ఎందుకంటే అదే నంబరును చాలా ఏళ్ల పాటు వేస్తూ పోయేవారు. పేరు లేని ఇత్తడి హారన్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, దాన్ని అలాగే ఉంచుకోండి.

కావలి నుంచి మరొక సభ్యుడి జవాబు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా దృష్టిలో మీ పెట్టెలో అన్నిటికన్నా విలువైనది బోల్టుల మూట, ఎందుకంటే పేరు చెక్కిన రేకును ఎవరైనా మార్చగలరు గాని మరల కొలతను మార్చలేరు. పాత ఇంగ్లండు విట్‌వర్త్ మరల కోణం 55 డిగ్రీలు, అమెరికా మరలదీ మెట్రిక్ మరలదీ 60 డిగ్రీలు. అర అంగుళం బోల్టు మీద అంగుళానికి 12 మరలుంటే అది విట్‌వర్త్, 13 ఉంటే అమెరికా ముతక మర. అయితే పావు అంగుళం బోల్టుకు రెండింటిలోనూ 20 మరలే కాబట్టి అక్కడ లెక్క చాలదు, కోణం కొలిచే మరల గేజి పెట్టి చూడవలసిందే.

మోరిస్ విషయంలో ఒక చిత్రముంది. ఇంగ్లండులోని కోవెంట్రీలో ఫ్రెంచి హాచ్‌కిస్ సంస్థ నడిపిన ఇంజన్ల కర్మాగారాన్ని మోరిస్ వారు 1923లో కొన్నారు. అక్కడి యంత్రాలన్నీ మెట్రిక్ మరలు కోసేవే కాబట్టి మరలను అలాగే ఉంచి, ఇంగ్లండు మెకానిక్కుల పానాలు పట్టేలా బోల్టు తలలను మాత్రం విట్‌వర్త్ కొలతల్లో చేశారు. ఆ సంప్రదాయంలో వచ్చిన మోరిస్ టెన్ ఇంజన్‌లో 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర ఎడం, అంటే ఒక మర నుంచి పక్క మరకు దూరం, 1 మిల్లీమీటరు. ఇప్పుడు కొట్లో దొరికే 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు ఎడం 1.25. దయచేసి ఒకసారి కొలిచి చెప్పండి.

పొదలకూరు సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లేత్ పనివారి దగ్గర గేజి పెట్టించాను. ఎక్కువ బోల్టులకు సరిగ్గా మీరన్నట్టే 8 మిల్లీమీటర్లకు 1 మిల్లీమీటరు ఎడం వచ్చింది, తలలకు విట్‌వర్త్ పానా పట్టింది. కానీ కొన్ని వేరుగా ఉన్నాయి. సుద్ద రుద్దితే వాటి తల మీద ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం తేలింది.

ఒంగోలు సభ్యుడు

చాలా సంతోషమండీ. ఆ ‘ఎఫ్’ ఫోర్డ్ గుర్తు. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్ అనే అమెరికా కార్ల సంస్థ నమూనా ప్రకారమే ఫోర్డ్ వారు కూడా జీపులు కట్టారు. తమ భాగాలను వేరుగా గుర్తించడానికి బోల్టుల తలల మీద సైతం ఆ అక్షరం వేశారు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు మన దేశంలో చాలాచోట్ల ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. గనుల దారుల్లో జీపు అవసరం ఎంతో మీకే బాగా తెలుసు. కాబట్టి ఆ యజమాని దగ్గర కారుతో పాటు జీపు కూడా ఉండి ఉండవచ్చు. బోల్టులు ఒక బండి నుంచి మరో బండికి మారుతుంటాయి గనుక ఇంతకన్నా గట్టిగా అనలేను.

మోరిస్ టెన్ తయారీ ఇంగ్లండులో 1948లో ఆగింది. మీ డైనమో 1949ది. అదే నమూనాను మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వారు హిందుస్థాన్ టెన్ పేరుతో తెచ్చారు. తాతగారిది ఆ బండి అయినా అయ్యుండాలి, లేదా పాత డైనమో కాలిపోతే కొత్తది వేసి ఉండాలి. కారు పత్రం గాని, బండి పక్కన తీసిన ఫొటో గాని ఇంట్లో ఉందేమో వెతకండి.

స్పీడోమీటరు ముఖం మీద అడుగున చిన్న అంకెలుంటాయి. 1600 వంటి సంఖ్య కనిపిస్తే, మైలుకు మీటరును తిప్పే కేబులు అన్ని చుట్లు తిరగాలని అర్థం. వెనక ఇరుసు పళ్ల నిష్పత్తి, టైరు కొలతలను బట్టి ఆ సంఖ్య నమూనా నమూనాకూ మారుతుంది. దాన్ని చదివి ఇక్కడ రాస్తే ఆ మీటరు కారుదో కాదో సరిపోల్చి చూద్దాం. ఈలోగా ‘ఎఫ్’ బోల్టులను వేరే డబ్బాలో వేసి, ఎక్కడ దొరికాయో చీటీ రాసి అందులోనే పెట్టండి.