అడ్రస్‌లో "మిడిల్‌సెక్స్" అని ఉంది, అసలు అర్థం ఏంటి? రాయాలా వద్దా?

కొత్తగా_హారో:
పోయిన నెలే హైదరాబాద్ నుంచి హారో వచ్చాం. అద్దె అగ్రిమెంట్‌లో అడ్రస్ "హారో, మిడిల్‌సెక్స్" అని ఉంది, కౌన్సిల్ ట్యాక్స్ కాగితం మీదేమో "లండన్ బరో ఆఫ్ హారో". బ్యాంకు ఫారంలో కౌంటీ (మన జిల్లా లాంటిది) అని గడి ఉంది, అందులో ఏం రాయాలో తెలీక వదిలేశా. దీనికి తోడు, నిన్న ఆవకాయ పంపిస్తామంటే నాన్నకి ఫోన్లో అడ్రస్ చెప్తున్నా, ఆయన "మిడిల్" దాకా రాసుకుని "తర్వాత?" అన్నారు, చెప్పాను, అటు వైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఒరే, సరిగ్గా చూసి చెప్పు" అన్నారు. ఈ పేరు ఎలా వచ్చింది, ఇప్పుడు ఎవరైనా వాడతారా, తెలిసినవాళ్ళు చెప్పండి.

థేమ్స్‌గట్టు:
మీ నాన్నగారి ఇబ్బంది అర్థమైంది గానీ ఆ మాటకీ దీనికీ సంబంధం లేదండి. చివర ఉన్నది సాక్సన్లు. జర్మనీ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ జాతి. తూర్పున ఉన్నవాళ్ళది ఎసెక్స్, దక్షిణాన ఉన్నవాళ్ళది ససెక్స్ (హ్యారీ, మేఘన్ల బిరుదులో ఉన్నది ఇదే), పడమటివాళ్ళది వెసెక్స్, మధ్యలో ఉన్నవాళ్ళది మిడిల్‌సెక్స్. అంటే "నడిమి సాక్సన్ల సీమ" అనుకోండి. 704 నాటి ఒక దానపత్రంలోనే "మిడెల్‌సియాక్సన్" అని ఈ పేరు కనిపిస్తుంది. మిగతా మూడూ ఒకప్పుడు రాజ్యాలు, ఇది మాత్రం ఎసెక్స్ రాజుల చేతి కింద ఉన్న సీమ. ఉత్తరాన "నోసెక్స్" ఎందుకు లేదని ఇక్కడ ప్రతి స్కూలు పిల్లాడూ ఒకసారి జోకు వేస్తాడు, మీరూ వినక తప్పదు.
ఇంకో ముచ్చట. సాక్సన్లు పట్టే పొట్టి కత్తిని "సియాక్స్" అనేవాళ్ళు, జాతి పేరు దాని నుంచే వచ్చిందని చెప్తారు. మిడిల్‌సెక్స్ చిహ్నంలో మూడు కత్తులు ఉంటాయి, ఎసెక్స్ చిహ్నంలో కూడా అవే మూడు, తేడా అల్లా మిడిల్‌సెక్స్‌కి పైన కిరీటం.

పోస్ట్‌కోడ్_పిచ్చి:
అర్థం ఆయన చెప్పారు కాబట్టి వాడకం సంగతి నేను చెప్తా, ఇదే అసలు తలనొప్పి. దక్షిణాన థేమ్స్, తూర్పున లీ నది, పడమర కోల్న్ నది, వీటి మధ్య ఉన్నదే పాత మిడిల్‌సెక్స్. లండన్ పెరిగిపోయి దాన్ని ముక్కలు ముక్కలుగా తినేసింది. 1889లో ఇజ్లింగ్టన్, హాక్నీ లాంటివి లండన్ కౌంటీలోకి పోయాయి, మిగిలింది 1965 ఏప్రిల్ 1న చాలావరకు గ్రేటర్ లండన్‌లో కలిసింది. స్టెయిన్స్, సన్‌బరీ సర్రీకి పోయాయి, పాటర్స్ బార్ హార్ట్‌ఫర్డ్‌షైర్‌కి. ఆ రోజుతో కౌన్సిల్ లేదు, కౌంటీ లేదు.
కానీ పోస్టాఫీసు వాళ్ళు, అన్ని అడ్రస్‌లు మార్చాలంటే ఖర్చని, ఆ పేరు అలాగే ఉంచేశారు. అందుకే హారో, హౌన్‌స్లో, సౌతాల్, ఎన్‌ఫీల్డ్‌లో ఇళ్ళు కొన్నవాళ్ళందరికీ "మిడిల్‌సెక్స్" అలవాటైంది. తమాషా ఏంటంటే ఈలింగ్, టాటెన్‌హామ్ కూడా పాత మిడిల్‌సెక్స్‌లోవే, కానీ వాటికి ముందు నుంచీ లండన్ పోస్ట్‌కోడ్ ఉంది కాబట్టి అక్కడ ఎవరూ అలా రాసేవాళ్ళు కాదు. 1996 నుంచి రాయల్ మెయిల్ కౌంటీ పేరే అక్కర్లేదంది. ఇంటి నంబరు, వీధి, ఊరు, పోస్ట్‌కోడ్ చాలు. బ్యాంకు గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోకపోతే "గ్రేటర్ లండన్" కొట్టండి. మీ నాన్నగారికి కూడా ఆ మాట తీసేసి చెప్పండి, ఆవకాయ చేరుతుంది.

మూడోస్లిప్:
క్రికెట్ చూసేవాళ్ళకి ఈ పేరు కొత్తేం కాదు బ్రదర్. కౌంటీ పోయి అరవై ఏళ్ళయినా 1864లో పెట్టిన మిడిల్‌సెక్స్ క్లబ్ అలాగే ఉంది, లార్డ్స్‌లో ఆడుతుంది. మన మురళీ కార్తీక్ ఆడాడు, 2022లో ఉమేశ్ యాదవ్ ఆడాడు. స్కోరు చెప్తూ ఈ పేరు పలికినప్పుడు మా ఇంట్లో మాత్రం టీవీ సౌండ్ తగ్గేది, అది వేరే సంగతి. మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ కూడా ఉంది. పార్లమెంటు ఎదురుగా ఉన్న సుప్రీంకోర్టు భవనం కూడా ఒకప్పటి మిడిల్‌సెక్స్ గిల్డ్‌హాలే, 2009లో కోర్టు అందులోకి వచ్చింది.

ఎడిసన్_బావ:
ఇంగ్లండ్‌లో పోయిందేమో గానీ మా దగ్గర నిక్షేపంగా ఉంది. న్యూజెర్సీలో ఎడిసన్, పిస్కాటవే, ప్లెయిన్స్‌బరో, సౌత్ బ్రన్స్‌విక్, ఇవన్నీ మిడిల్‌సెక్స్ కౌంటీయే. 1683లో ఏర్పడింది, పేరు అక్కడి నుంచి తెచ్చుకున్నదే. ఇక్కడ తెలుగువాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, కౌంటీ వాళ్ళ కాగితం ఏది చూసినా ఈ పేరే, ఎవరూ నవ్వరు. మొదటి వారం నేనూ నవ్వానులే.

గోదారి_గట్టున:
మా అమలాపురం 2022లో కోనసీమ జిల్లా అయింది. మా మామయ్యని ఏ జిల్లా అని అడగండి, ఇప్పటికీ "తూర్పుగోదావరి" అంటారు. అక్కడి పెద్దవాళ్ళు మిడిల్‌సెక్స్ అని రాసుకోవడం నాకు వింతగా ఏమీ అనిపించలేదు.

కొత్తగా_హారో:
అందరికీ థ్యాంక్స్. మా ఇంటి ఓనరు ఎనభై దాటిన పెద్దాయన, అగ్రిమెంట్ ఆయనే టైపు చేశారు, ఇప్పుడు అర్థమైంది. సాయంత్రం మెట్ల మీద కలిస్తే "మీది లండనా?" అని అడిగా. "కాదు, మిడిల్‌సెక్స్" అన్నారు, కొంచెం కోపంగానే. నాన్నకి చిన్న అడ్రస్ పంపించేశా. ఆవకాయతో పాటు గోంగూర పచ్చడి కూడా కలిపారట, సీసా పగలకుండా వస్తే అంతే చాలు.