ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్ళాలా, బెజవాడలో ఉంటూనే వేషాలకు ప్రయత్నించాలా?

పటమట కుర్రవాడు:
నా వయసు 27 ఏళ్ళు. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణంలో లెక్కలు రాస్తాను, జీతం నెలకు 22 వేలు. నాలుగేళ్ళుగా పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు ఆడుతున్నాను, మూడు లఘుచిత్రాల్లో నటించాను. హైదరాబాదులో సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో ఉంటున్న స్నేహితుడు గదిలో చోటుంది, వచ్చేయమంటున్నాడు. చేతిలో లక్షన్నర ఉంది. ఇంట్లో ససేమిరా అంటున్నారు. ఉద్యోగం వదలడం సబబేనా అన్నది ఈ దారిలో నడిచినవారు చెబితే వింటాను.

కృష్ణానగర్ మాజీ:
వెళ్ళమనే చెబుతాను. కొత్తవాళ్ళకు దొరికేవి ఒకటి రెండు రోజుల వేషాలు, వాటికి వారం ముందుగా ఎవరూ పిలవరు. రాత్రి తొమ్మిదింటికి కో-డైరెక్టర్ ఫోన్ చేసి, పొద్దున ఆరింటికల్లా లొకేషన్‌లో ఉండగలవా అని అడుగుతాడు. బెజవాడలో ఉన్నానన్న మాట నోట వచ్చిందంటే, "సరే, మళ్ళీ చూద్దాం" అని పెట్టేస్తాడు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగవచ్చునని మనకు తెలుసు. కానీ బస్సు ఆలస్యమైతే దర్శకుడి చేత మాటలు పడేది ఆయన గనుక, ఆయన పక్క వీధిలో ఉన్నవాణ్ణే పిలుచుకుంటాడు. రెండేళ్ళలో నేను వేసిన పదకొండు చిన్న వేషాల్లో ఎనిమిది ఇలా రాత్రికి రాత్రి వచ్చినవే.

అరండల్‌పేట మాస్టారు:
ఆ పదకొండు వేషాల తర్వాత తిరిగి ఎందుకు వచ్చేశారో కూడా చెబితే ఆ అబ్బాయికి ఉపయోగపడేది. గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేసిన జయప్రకాశ్ రెడ్డి గారు 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వెళ్ళి, నిలదొక్కుకోలేక మళ్ళీ గుంటూరు వచ్చి పాఠాలు చెప్పుకొన్నారు. 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చాక గానీ జనం ఆయన్ను గుర్తుపట్టలేదు. బడి ఉంది కాబట్టే ఆ మధ్యకాలం గడిచింది. కంకిపాడు మనిషి కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడారు, 1978లో 'ప్రాణం ఖరీదు' అనే నాటకమే సినిమా అయినప్పుడు తొలిసారి తెరమీదికి వచ్చారు. బ్రహ్మానందం గారు అత్తిలిలో లెక్చరర్‌గా ఉండేవారు. నెల జీతం వస్తున్నవాడు పనికిరాని వేషం వచ్చినప్పుడు వద్దనగలడు. గది అద్దె బాకీ ఉన్నవాడు అనలేడు.

కృష్ణానగర్ మాజీ:
మా అమ్మగారికి ఒంట్లో బాగుండక వచ్చేశాను మాస్టారూ. అప్పటికి డబ్బు కూడా అయిపోయిందన్నది నిజమే, దాచను. కానీ మీ జాబితాలో ఎన్టీఆర్ గారు ఎందుకు లేరు? 1947లో చేరిన సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగాన్ని కొద్ది వారాలకే వదిలేశారు, 1949లో 'మనదేశం' వచ్చింది.

అరండల్‌పేట మాస్టారు:
ఆయనలా వదిలేసి ఊరూపేరూ లేకుండా పోయినవారి జాబితా ఎవరూ రాసిపెట్టలేదు.

తెనాలి నటి:
పెద్దలిద్దరూ ఏ ఊళ్ళో ఉండాలన్న దగ్గరే ఆగిపోయారు. ఆ అబ్బాయి కెమెరా ముందు నిలబడగలడా లేదా అన్నది ముందు తేలాలి, అది తేల్చుకోవడానికి హైదరాబాదు అవసరం లేదు. పదిహేనేళ్ళు పరిషత్తులాడి, బహుమతులు కూడా తీసుకొని, యూసఫ్‌గూడలో ఒక ఆడిషన్‌కు వెళ్ళాను. చిన్న గది, తెల్ల గోడ, నేలమీద అతికించిన టేపు ముక్క. గాజులు అమ్మేశానని కొడుకుతో చెప్పే తల్లి డైలాగు ఇచ్చారు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో చివరి వరుసకు వినబడేలా చెప్పడం అలవాటైన గొంతుతో చెప్పాను. ఆడిషన్ తీస్తున్న కుర్రవాడు మర్యాదగా, "అమ్మా, ఫోన్ నాలుగడుగుల దూరంలోనే ఉంది" అన్నాడు. తీసింది చూపించాడు: నా కనుబొమలు ఫ్రేము పైఅంచును తాకుతున్నాయి, మెడనరాలు ఉబ్బి ఉన్నాయి, కొడుకు మాత్రం ఎక్కడా లేడు. "ఇంట్లో బియ్యం అయిపోయాయని మీవారికి చెబుతున్నట్టు చెప్పండి" అన్నాడు. మూడో టేకుకు కుదిరింది, రెండు రోజుల వేషం ఇచ్చారు.

తమ్ముడూ, రంగస్థలం తప్పని నేననను. డైలాగు కంఠతా పట్టడం, ఎదుటివాడి మాట వినడం అక్కడే నేర్చుకున్నాను. తగ్గించుకోవడం మాత్రం విడిగా నేర్చుకోవాలి. కిటికీ వెలుతురు ముఖంమీద పడేలా నిలబడు. ఫోన్‌ను కంటి ఎత్తున స్టాండుకు అడ్డంగా బిగించి, ఎదురు డైలాగులు చదివే మనిషిని దాని పక్కనే నిలబెట్టు. లేకపోతే నీ చూపు గోడమీద తిరుగుతూ ఉంటుంది. ముందు పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, కుడి ఎడమల ముఖం చూపించి, ఆ తర్వాతే సన్నివేశం మొదలుపెట్టు. ఒకే డైలాగును మూడు రకాలుగా తీసి, మరుసటి రోజు చూసుకో, ఆ రోజే చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇంకొక మాట: విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి మీ ఊళ్ళోనే ఉంది. నాటక విభాగం ఆడిషన్ ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చెయ్యి. మైకుకు జానెడు దూరంలో నిలబడి కోపాన్ని అరవకుండా పలకడం నాకు పరిషత్తుల్లో కన్నా రేడియోలోనే ఎక్కువ పట్టుబడింది.

గాంధీనగర్ పాత కాపు:
డబ్బు సంగతి నేను చెబుతాను. కోఆర్డినేటర్‌నంటూ ఒకాయన బెంజి సర్కిల్ దగ్గర హోటలు గదిలో ఆడిషన్ పెట్టి, పోర్ట్‌ఫోలియో పేరిట నా దగ్గర 25 వేలు పట్టుకుపోయాడు. ఫోటోలు కూడా ఇవ్వలేదు. వేషం ఇప్పిస్తానని ముందుగా డబ్బడిగితే, ఎంత పెద్ద బ్యానరు పేరు చెప్పినా అక్కడినుంచి లేచి వచ్చేయాలి. పారితోషికంలో పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే ఆదాయపు పన్ను, పట్టుకొని ఇస్తే కంగారు పడవద్దు. మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అసలు పట్టారో లేదో ఆన్‌లైన్‌లో పాన్ ఖాతాలో చూసుకోండి.

కృష్ణానగర్ మాజీ:
తెనాలి అక్కగారి మాటతో నాకు పేచీ లేదు. ఇంట్లో ఎంత బాగా చేసినా పిలుపు వచ్చేది మాత్రం దగ్గరున్నవాడికే అన్న మాట నేను వెనక్కి తీసుకోను. లక్షన్నర మాత్రం ఆర్నెల్లకు చాలదు తమ్ముడూ. గది వాటా, భోజనం, పెట్రోలు, ఫోటోలు, పిలుపు లేకపోయినా ఆఫీసుల చుట్టూ తిరిగే ఖర్చు కలిపి నాకు నాలుగు నెలల్లోనే అంత అయింది.

అరండల్‌పేట మాస్టారు:
ఆ లెక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పటమట కుర్రవాడు:
అందరికీ నమస్కారాలు. మా యజమానిని అడిగాను. మార్చి లెక్కలు ముగిసేదాకా కదలవద్దని, ఏప్రిల్‌లో జీతం లేకుండా నెల రోజులు సెలవిస్తానని అన్నారు. స్నేహితుడికి ఆ ఒక్క నెలకే గది వాటా ఇస్తానని చెప్పాను, వాడు కొంచెం నొచ్చుకున్నాడు. మాస్టారికి ఇది పిరికితనంగా కనబడదనీ, కృష్ణానగర్ అన్నగారికి కనబడుతుందనీ తెలుసు. నిన్న సాయంత్రం అక్కగారు చెప్పినట్టే ఫోన్ బిగించి తీశాను. ఎదురు డైలాగులు మా అమ్మ చదివింది. నేను రెండో మాట అందుకునేసరికి ఉలిక్కిపడి కాగితం కింద పడేసింది.