అప్‌డేట్: దీపావళి లైట్ల మీద హెచ్‌ఓఏ నోటీసు (టెక్సాస్)

మొన్న అడిగింది నేనే. దీపావళికి పెట్టిన లైట్లు, గుమ్మం దగ్గర ఓం దీపం, లాన్‌లో ఎన్నికల ప్రచార బోర్డు, మూడూ తీసేయమని మా హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) నోటీసిచ్చింది. ఫైన్ వేస్తారేమోనని టెన్షన్ పడ్డాను.

మీలో ఒకరు చెప్పినట్టే టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.018 చదివాను. మత విశ్వాసంతో పెట్టుకున్నవాటిని హెచ్‌ఓఏ ఆపకూడదు. ఇదివరకు ఇది గుమ్మానికే పరిమితం, 2021 సవరణతో మన స్థలమంతటికీ వర్తిస్తోంది. ఉమ్మడి స్థలంలోనో, వీధి దీపం స్తంభానికో కడితే మాత్రం కుదరదు. ఈ సెక్షన్ నంబర్ వేసి, హియరింగ్ అడగడానికి ఉన్న 30 రోజుల గడువు దాటకముందే అది కావాలని రాసిచ్చాను.

హియరింగ్‌లో ఓం దీపం సంగతి వెంటనే తేలిపోయింది. ఎన్నికల బోర్డు మీద చర్చే లేదు. పోలింగ్‌కు 90 రోజుల ముందు నుంచి, అయ్యాక 10 రోజుల దాకా అభ్యర్థికొక బోర్డు చొప్పున పెట్టుకోనివ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది.

పేచీ అంతా కప్పు అంచున వేలాడదీసిన లైట్ల దగ్గరే. "అవి అలంకరణే కదా, మతం ఎక్కడుంది?" అన్నాడు హెచ్‌ఓఏ కమిటీ సభ్యుడు. దీపాల వరుసే మా పండగండీ అన్నాను. పక్కావిడ నవ్వేసింది, ఆయన మాత్రం నవ్వలేదు. వాళ్ల రూల్‌లో పండగ లైట్లంటే థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర్లో వచ్చే అమెరికా పండగ) తర్వాతే! దీపావళిని కూడా చేర్చాలన్న మాట వచ్చే మీటింగ్ ఎజెండాలో పెడతామన్నారు. ఫైన్ వేయలేదు. లైట్లు ఇంకా వెలుగుతున్నాయి.