సమస్యాపూరణం: ‘పక్క నెఱుపున్న బూడిద పచ్చనగును’

నిర్వాహకులు: తేటగీతి పాదం. పచ్చ అంటే ఇక్కడ ఆకుపచ్చే. పూరణ ఛందస్సుకే కాదు, మగ్గం మీదా కాగితం మీదా నిలవాలి.

పూరణ 1 (గ్రాఫిక్ డిజైనర్, హిమాయత్‌నగర్)

కన్ను తానొంటి రంగును గాంచలేదు
చుట్టు రంగును తోడుగాఁ జూచుచుండు
ఎదుటి వర్ణపు ఛాయనే యిచ్చు నడుమ
పక్క నెఱుపున్న బూడిద పచ్చనగును

నిర్వాహకులు: కన్ను చేసే పని సాఫీగా వచ్చింది; ఎరుపుకు ఎదుటి రంగు ఆకుపచ్చే కదా. 1839లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ పుస్తకం చెప్పింది ఇదే. పారిస్ గోబెలిన్స్ అద్దకశాలలో నీలం, ఊదా పక్కన నలుపు వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే, లోపం అద్దకంలో లేదు, పక్క రంగులో ఉందని తేల్చాడాయన. ఒక్క మాట: ఎరుపు నారింజవైపు ఒరిగితే బూడిద నీలంవైపు తిరుగుతుంది. ఏ ఎరుపో పద్యంలో తెలిస్తే ఇంకా బాగుండేది.

పూరణ 2 (చీరల డిజైన్ విద్యార్థి)

చీర యంచుకు కెంపుతోఁ జెలువు గూర్చి
నడుమ నేసెడి బూడిద నూలులోన
కండె రంగున నెఱుపింత కలుపకున్న
పక్క నెఱుపున్న బూడిద పచ్చనగును

నేత డిజైనర్: విరుగుడు కూడా పద్యంలోనే చెప్పావు, సంతోషం బాబూ. కానీ రెండో పాదంలో న–నూ యతి కుదరదు. ‘నడుమ బూడిద నూలునే నడుపునపుడు’ అను. రంగు వేసేది కండెకు (నాడెలో పెట్టే నూలు చుట్టకు) కాదు, చిలపకు (విడి నూలు కట్టకు). కండె చుట్టేది ఆరాక. ‘చిలప రంగున నెఱుపింత చేర్చకున్న’ అంటే యతీ దక్కుతుంది.

ఆ ‘ఇంత’ ఎంతో తేల్చడానికి మూడు చిన్న చిలపలు తీసుకో. ఒకటి ఉత్త బూడిద. మిగతా రెంటికి బూడిద రంగు పొడి బరువులో నూటికి ఒక పాలు, రెండు పాళ్లు ఎరుపు. ఒక్కోదాన్నీ అంచు నూలు పక్కనే అట్ట మీద చుట్టి, పగటి వెలుతురులో రెండు మీటర్ల దూరం నుంచి చూడు. కొట్లో ట్యూబ్‌లైటు కింద ఖాయం చేసి పోచంపల్లికి ఆర్డరు పంపొద్దు. అంచు వెడల్పై, బూడిద సన్నమైతే పచ్చ ఎక్కువ; రెండింటి వెలుగూ సమానమైతే మరీను. ఫోన్‌లో నలుపు–తెలుపు ఫొటో తీస్తే అది తెలిసిపోతుంది. ఎరుపు మోతాదు మించితే మాత్రం, అంచుకు దూరంగా ఉన్నచోట బూడిద గులాబీగా బయటపడుతుంది.

పూరణ 3 (చెరియాల నకాషీ కథాపటాల చిత్రకారిణి)

ఎఱ్ఱ నేలపై బూడిద యేనుగుండ
నల్ల గీతను జుట్టును నడుపవలయు
కాక విడిచినఁ దొండమ్ము కాళ్ళ మీది
పక్క నెఱుపున్న బూడిద పచ్చనగును

నిర్వాహకులు: యతులన్నీ కుదిరాయమ్మా, సమస్య పాదం అతుకు తెలియకుండా కలిసింది. నాకు ఈ మూడింటిలో ఇదే మిన్న. నల్ల గీత రెండు రంగుల్నీ విడదీస్తే పక్క రంగు పట్టు సడలుతుంది, పూర్తిగా పోదు. గీత వేసేది చివర్లో గనక, అది పడకముందే పచ్చగా ఉందని బూడిదను దిద్దకూడదు.