స్పీడ్‌స్టర్ రెప్లికా కారు పూర్వచరిత్రను ఎలా రాబట్టాలి?

బే ఏరియా తెలుగువాడు:

అందరికీ నమస్కారం. నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. 1950ల నాటి పోర్షె 356 స్పీడ్‌స్టర్‌ను పోలిన రెప్లికా కారును ఒక పెద్దాయన కాలం చేశాక ఆయన కుటుంబం దగ్గర కొన్నాను. బాడీ ఫైబర్‌గ్లాస్‌ది, వెనుక ఉన్నది గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ ఇంజను, టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్నది ‘1967 ఫోక్స్‌వ్యాగన్’ అని. లాస్ ఏంజిలిస్ వైపు ఎనభైలలో తయారైందని ఆయన అంటుండేవారట. అంతకుమించి ఇంట్లోవాళ్లకు తెలియదు. దీన్ని అసలు పోర్షెగా చెప్పుకునే ఉద్దేశం నాకు లేదు. కానీ బాడీ ఎవరిది, ఏ కాలంలో బిగించారు, దాని కింద ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు అంతకుముందు ఎక్కడ తిరిగింది అన్నవి తెలుసుకోకుండా మరమ్మతులు మొదలుపెట్టి, ఉన్న ఆధారాలను నా చేతులతో నేనే చెరిపేయడం ఇష్టం లేదు. పోర్షె కంపెనీకి రాస్తే ఏమైనా చెబుతారా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్యారేజీ శాస్త్రి:

పోర్షెకు రాయవలసిన పని లేదండీ. న్యూయార్క్ దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ పట్టుబట్టడంతో 1954లో వచ్చి, 1958తో ఆగిపోయిన అసలు స్పీడ్‌స్టర్ల దస్త్రాల్లో మీ కారు ఎక్కడా ఉండదు. మీ కారుకు ఉన్నవి రెండు చరిత్రలు: బీటిల్‌గా ఉన్ననాటిది ఒకటి, దాని మీద కొత్త బాడీ కూర్చున్ననాటి నుంచి మొదలయ్యేది మరొకటి. రెంటినీ విడివిడిగా వెతకాలి. మొదటిదే తేలిక, ఎందుకంటే దానికి నంబరు ఉంది.

వెనుక సీటు ఉండవలసిన చోట కార్పెట్‌ను నెమ్మదిగా లేపి చూడండి. కారు అడుగున మధ్యలో నిడివిగా పోయే టన్నెల్ (ఉబ్బెత్తు ఇనుప గట్టు) మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. దాని మీద రంగో జిగురో పేరుకుపోయి ఉంటే మెత్తని గుడ్డతో తుడవండి గానీ వైరు బ్రష్షు, ఇసుక కాగితం మాత్రం పెట్టకండి. నంబరు చుట్టూ గీతలు పడితే, రేపు తనిఖీ చేసేవారికి ఎవరో దిద్దారన్న అనుమానం వస్తుంది. టార్చిలైటును పక్కనుంచి వాలుగా పట్టి ఫొటో తీస్తే అరిగిన అంకెలు కూడా బయటపడతాయి. 1965 నుంచి 1969 మోడళ్ల దాకా నంబరులో తొమ్మిది అంకెలుంటాయి. మొదటి రెండూ వాహన రకాన్ని, మూడోది మోడల్ సంవత్సరపు చివరి అంకెను తెలుపుతాయి. కనుక మీది 117తో మొదలైతే 1967 బీటిల్ సెడాన్. 1970 నుంచి నంబరు పది అంకెలకు పెరిగింది. టైటిల్‌లోని నంబరుతో అంకె అంకె సరిపోల్చండి.

ఆ నంబరు చేతికి వస్తే, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ ఆటోమ్యూజియం ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బీటిల్ ఏ రోజు తయారైంది, ఏ రంగుతో బయటికి వచ్చింది, ఏ దేశానికి వెళ్లింది అన్న వివరాలతో వారు ధ్రువపత్రం ఇస్తారు.

టోర్షన్ బార్:

శాస్త్రి గారు చెప్పిన క్రమం సరైనదే. అయితే నంబరు ఒక్కటే చూసి ఆగకండి, ఆ నంబరు మోస్తున్న ఇనుము కూడా అదే మాట చెబుతోందా అన్నది చూడాలి. కారు కిందికి దూరి గేరుబాక్సు నుంచి వెనుక చక్రానికి పోయే భాగాన్ని గమనించండి. లావాటి గొట్టం ఉండి, గేరుబాక్సు వైపు మాత్రమే రబ్బరు బూటు (తొడుగు) కనిపిస్తే అది స్వింగ్ యాక్సిల్. ఇరుసు కడ్డీ బయటికి కనిపిస్తూ, రెండు చివరలా బూట్లు ఉంటే అది ఇండిపెండెంట్ సస్పెన్షన్. అమెరికాకు వచ్చిన మామూలు గేర్ల బీటిళ్లకు ఈ రెండోది 1969 మోడల్ నుంచే ఉంది. 1967 టైటిల్ కింద అది కనిపించిందంటే, ఎవరైనా తరువాత మార్చి వెల్డింగ్ చేసి ఉండాలి, లేదా ఆ కాగితం వేరే కారుదై ఉండాలి.

ఫ్లోర్‌పాన్‌ను (కారు అడుగు భాగపు ఇనుప పలకను) కోసిన అతుకును కూడా తప్పక చూడండి. బీటిల్ చక్రాల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు, 356ది 2,100. ఆ తేడా కోసమే పాన్‌ను అడ్డంగా కోసి, పొట్టి చేసి, మళ్లీ అతికిస్తారు. అతుకు ఒకే తీరుగా, నిటారుగా ఉంటే వర్క్‌షాపులో వరుసగా ఇదే పని చేసినవారి చేయి అనుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా ఉంటే విడిభాగాల కిట్టు కొని ఇంట్లో కట్టుకున్నది కావచ్చు. ఇది ఊహకు దారి చూపుతుందే తప్ప రుజువు కాదు.

బాడీ వయసు తేల్చడానికి నేను ఎక్కువగా నమ్మేది చిన్న వస్తువులను. డాష్‌బోర్డులోని వీడీఓ కంపెనీ మీటర్ల మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. సీటు బెల్టుల చీటీ మీద తయారీ సంవత్సరం ఉంటుంది. తరువాత మార్చినవి కాకపోతే, కారు అంతకన్నా ముందు పూర్తయి ఉండదు. ఇంజను నంబరుకు మాత్రం ఎక్కువ విలువ ఇవ్వకండి. ఈ కార్లలో ఇంజను ఎన్నిసార్లు మారి ఉంటుందో చెప్పలేం.

బే ఏరియా తెలుగువాడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నంబరు 117తోనే మొదలవుతోంది, టైటిల్‌తో సరిపోయింది. వెనుక ఉన్నది స్వింగ్ యాక్సిల్. బెల్టు చీటీల మీద 1986 అని, స్పీడోమీటరు వెనుక 85 అని ఉన్నాయి. అతుకు చాలా శుభ్రంగా ఉంది. తయారీదారు పలక మాత్రం ఎక్కడా లేదు. నలుపు మీద పసుపు అక్షరాల నంబరు ప్లేటు ఉంది. దానివల్ల ఏమైనా తెలుస్తుందా?

శాక్రమెంటో అక్క:

తెలుస్తుంది తమ్ముడూ, అది మంచి ఆధారం. కాలిఫోర్నియాలో 1963 నుంచి 1969 దాకా ఇచ్చిన ప్లేట్లు ఆ రంగులవే, ఇక్కడ ప్లేటు సాధారణంగా బండితోనే ఉండిపోతుంది. కనుక అది అసలుదే అయితే, మీ బీటిల్‌ను కొత్తగా కొన్నప్పుడే ఈ రాష్ట్రంలో నమోదు చేసి ఉండే అవకాశం ఎక్కువ. కాకపోతే 2015 నుంచి అవే రంగుల్లో కొత్త ప్లేట్లూ ఇస్తున్నారు కాబట్టి, మూడక్షరాలు, మూడంకెల పాత వరుసలో ఉందో లేదో చూసుకోండి.

పాత యజమానుల పేర్లు డీఎంవీ (రాష్ట్ర వాహనాల నమోదు శాఖ) నుంచి సులువుగా రావు. వ్యక్తిగత వివరాల రక్షణకు 1994లో వచ్చిన కేంద్ర చట్టం అడ్డుపడుతుంది. అందుకే ముందు ఆ కుటుంబాన్నే మళ్లీ కలవమంటాను. కారు కాగితాలున్నాయా అని ఊరికే అడిగితే లేవంటారు. బీమా కాగితాలు, చెక్కు పుస్తకాల ప్రతులు, 1985, 1986ల ఫొటో ఆల్బములు ఉన్నాయా అని విడివిడిగా అడగండి. అప్పట్లో ఫ్లోరిడాలోని క్లాసిక్ మోటార్ క్యారేజెస్ అనే సంస్థ ఇళ్లలో కట్టుకునే కిట్లు అమ్మేది. ఇంటర్‌మెకానికా అనే మరో సంస్థ తన స్పీడ్‌స్టర్ రెప్లికాలను కాలిఫోర్నియాలో మొదలుపెట్టి, ఎనభైల తొలినాళ్లలో కెనడాలోని వాంకోవర్‌కు తరలిపోయింది. ఒక్క రసీదు దొరికినా తయారీదారు ఎవరో తేలవచ్చు.

అది దొరికేదాకా బీమావారికైనా, రేపు కొనేవారికైనా ‘1967 బీటిల్ పాన్ మీద 1986లోనో ఆ తరువాతో పూర్తయిన రెప్లికా, తయారీదారు తెలియదు’ అని రాసివ్వండి. బెల్టులను మార్చినా ఆ చీటీలను మాత్రం కత్తిరించి దస్త్రంలో పెట్టుకోండి.