రెండు రంగాల్లో పేపర్లు: సైటేషన్లను ఏ కొలతతో చూపాలి?

నావి 23 పేపర్లు. 14 గణితంలో, 9 కేన్సర్ బయాలజీ వాళ్లతో కలిసి రాసినవి. గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ 11 (ఒక్కోదానికి కనీసం 11 సైటేషన్లు, అంటే ఇతర రచనల్లో ప్రస్తావనలు, ఉన్న పేపర్లు 11), పరిశోధన పేపర్ల డేటాబేస్ స్కోపస్‌లో 8. ఈ తేడా సరే, స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్లో రాకముందే ఆన్‌లైన్లో పెట్టినవి) కూడా లెక్కేస్తుంది. చిక్కు వేరే. నేను ఒంటరిగా రెండేళ్లు కుస్తీపట్టిన గణితం పేపరుకు 12 సైటేషన్లే. పదిహేనుమందిలో ఏడో పేరు నాదైన బయాలజీ పేపరుకు 140!

ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ చూశాను (1 అంటే అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్ల సగటు). గణితం పేపరుకు 1.6 వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. కానీ మొత్తం సగటు తీస్తే ఆ 140 పేపరే అంతా లాగేస్తోంది. మీడియన్ (వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ) తీస్తే 0.9కి పడిపోయింది.

ప్రమోషన్ దరఖాస్తులో ఒక్క కొలతకే చోటుంది. సగటు, మీడియన్, తమ రంగంలో ఎక్కువ సైటేషన్లున్న టాప్ 10 శాతంలో ఉన్న నా పేపర్ల వాటా: వీటిలో ఏది ఇస్తే రెండు రంగాలవాళ్లూ ఒప్పుకుంటారు?