ఒకే తలలో రెండు వేర్వేరు కణితులు: కాకతాళీయమా, కారణం ఉందా?

గాజువాక (ప్రశ్న అడిగినవారు):
అమ్మకు 58 ఏళ్లు. జగదాంబ కూడలిలో రోడ్డు దాటుతూ పక్కనుంచి వస్తున్న ఆటోను చూడలేదు. చీర కొంగును రాసుకుంటూ వెళ్లింది, అదృష్టం. కళ్లజోడు మార్చాలేమోనని వెళితే కంటి డాక్టరు ఎంఆర్‌ఐ రాశారు. మెదడు కింద ఉండే పీయూష (పిట్యూటరీ) గ్రంథిలో రెండు సెంటీమీటర్ల అడినోమా అనే కణితి. అది కాక నడినెత్తి దగ్గర, మెదడు పొరను అంటుకుని చిక్కుడు గింజంత మెనింజియోమా, అంటే ఆ పొరలోంచే పెరిగే కణితి. రెండూ క్యాన్సర్ కావట. రెండూ కలిసి రావడం కాకతాళీయమని డాక్టరు అంటే మామయ్య ఒప్పుకోవడం లేదు. తెలియదని చెప్పలేక అన్న మాట అంటున్నారు. మీరేమంటారు?

పెదగంట్యాడ:
నాదీ మీ మామయ్యగారి మాటే. మా వీధిలో పొద్దున్నే స్కూటర్ సీటు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. ఆ ధూళి పీల్చేవాళ్లకు రెండు కాదు, నాలుగు వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఎంవీపీ కాలనీ, విశ్రాంత రేడియాలజిస్టు:
ధూళి మీద కోపం నాకూ ఉందండి. కానీ ఈ కణితుల నేరం దాని మీద రుజువు కాలేదు. మెనింజియోమాకు గట్టిగా రుజువైన బయటి కారణం తలకు తగిలిన రేడియేషన్. ఇజ్రాయెల్‌లో 1950లలో తలతామరకని పిల్లలకు ఎక్స్‌రే చికిత్స చేశారు. పెద్దయ్యాక వాళ్లలో మెనింజియోమాలు ఎక్కువగా కనిపించాయి.

ఇక కాకతాళీయం సంగతి. 2007లో వెలువడిన రోటర్‌డ్యామ్ అధ్యయనంలో సాధారణ ప్రజల్లో 2,000 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 0.9 శాతం మందికి మెనింజియోమా ఉంది. వేరే కారణాలతో చనిపోయినవారి పీయూష గ్రంథిని పరీక్షిస్తే దాదాపు పదిమందిలో ఒకరికి చిన్న అడినోమా కనిపిస్తుంది. ఏ సంబంధమూ లేకపోయినా, నా ఉజ్జాయింపు లెక్కలో వెయ్యిమందిలో ఒకరి తలలో రెండూ కలవాలి. చాలామందికి జీవితాంతం తెలియదు. మీ అమ్మగారికి ఒకటి కంటి నరాలను నొక్కింది కాబట్టి స్కాన్ తీశారు, రెండోది దొరికింది.

సీతమ్మధార, నర్సింగ్ పాఠాలు చెబుతాను:
లెక్క బాగుంది గానీ, దాన్ని అన్ని జంటలకూ అంటగట్టకండి. రెండు చెవుల నరాల మీదా ష్వానోమాలు (నరం తొడుగులో పుట్టే కణితులు), తోడుగా మెనింజియోమా ఉంటే 22వ క్రోమోజోమ్‌లోని ఎన్‌ఎఫ్‌2 జన్యువులో లోపాన్ని అనుమానించాల్సిందే. పిట్యూటరీ కణితికి రేడియేషన్ ఇచ్చిన ఏళ్ల తరవాత అక్కడ మెనింజియోమా వచ్చినా కాకతాళీయం అని వదిలేయలేం. ఏ జంట, ఏది ముందు అని అడగకుండా తీర్పు ఎలా చెబుతారు? మెన్‌1 అనే వంశపారంపర్య జబ్బులోనూ పిట్యూటరీ కణితులు వస్తాయి, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలో రాళ్లూ రావచ్చు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లు పదేపదే వచ్చాయా? అమ్మగారి కాల్షియం చూశారా?

ఎంవీపీ కాలనీ:
నేనే ముందు అడగవలసింది. పీయూష గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ కూడా చూడాలి. అది బాగా ఎక్కువగా ఉంటే చాలాసార్లు మాత్రలతోనే కణితి కుంచించుకుపోతుంది.

పెదగంట్యాడ:
ఎలాగూ మత్తు ఇస్తారు కదా, రెండూ ఒకేసారి తీసేస్తే పోదా?

ఎంవీపీ కాలనీ:
అడినోమాకు దారి ముక్కులోంచి, మెనింజియోమాకు పుర్రె తెరవాలి. చూపు పోతున్నది మొదటిదాని వల్ల. ఇబ్బంది పెట్టని చిన్న మెనింజియోమాను అప్పుడప్పుడు స్కాన్ తీస్తూ కనిపెట్టి ఉండవచ్చు.

గాజువాక:
కాల్షియం 9.4, మామూలుగానే ఉంది. ప్రొలాక్టిన్ పెద్దగా పెరగలేదు. రేడియేషన్ ఎప్పుడూ లేదు, ఇంట్లో ఎవరికీ ఇలాంటివి లేవు. సోమవారం ముక్కులోంచి ఆపరేషన్, రెండోదానికి ఆరు నెలల తరవాత స్కాన్. మామయ్య ఇంకా ఒప్పుకోలేదు. అమ్మ మాత్రం జుట్టు తీసేస్తారా అని ఒక్కటే అడిగింది. తీయరని చెప్పాక, పూర్ణా మార్కెట్ వైపు వెళితే కనకాంబరాలు తెమ్మంది.